తీగ లాగేటప్పుడు మిగతా తీగలు మౌనంగా ఉండాలి



ఈ నెల ఒక చిన్న విషయాన్ని మీ ముందుంచుతున్నాను. చిన్నదే గాని, దాని మూలంగా కొన్ని సంఘాలలో పెద్దలకూ యౌవనస్థులకూ మధ్య మాట పట్టింపులు వస్తున్నాయి. అది ఆరాధనలో ఎలక్ట్రిక్ గిటారు. ఇంకా సరిగా చెప్పాలంటే, గిటారు తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి ఎత్తేటప్పుడు, అంటే మన పిల్లలు "బెండ్" అనేటప్పుడు, దానితోపాటు పుట్టే అక్కరలేని గోల.

తోటపల్లి గూడూరు మండలంలో కోడూరు మొదలుకొని నరుకూరు వరకు ఏ పల్లెకు వెళ్ళినా ఇప్పుడు ఇదే కనబడుతుంది. ఒకప్పుడు మన కీర్తనలకు హార్మోనియం, డోలక్, కంజీర, తాళాలు చాలేవి. తరువాత కీబోర్డు వచ్చింది, రిథమ్ ప్యాడ్ వచ్చింది, దాని వెనుకే గిటారు వచ్చింది. వరి కోతల్లోనో, రొయ్యల గుంటల దగ్గరో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో కుర్రవాడు గిటారు కొంటాడు. నేర్పేవారు దగ్గరలో లేక ఫోనులో చూచి నేర్చుకుంటాడు. ఆదివారం కీర్తన మధ్యలో తీగ లాగుతాడు. స్వరం బాగానే లేస్తుంది, దానితోపాటు కీచుమని ఒకటి, జుయ్యిమని మరొకటి లేస్తుంది. ముందు చాపమీద కూర్చున్న అవ్వకు చరణం వినబడదు. ఆరాధన అయ్యాక పెద్దలు "అయ్యగారూ, ఆ గిటారు ఇంక వద్దండీ" అంటారు. పై ఆదివారం ఆ కుర్రవాడు మందిరానికి రాడు.

ఇందులో ఎవరి కోరికా చెడ్డది కాదు. పాట మాటలు వినబడాలని పెద్దల కోరిక. తన చేతులు దేవుని పనికి ఉపయోగపడాలని కుర్రవాని కోరిక. ఆ గోలకు కారణం తెలుసుకుని సరిచేస్తే రెండు కోరికలూ నెరవేరతాయి. కారణం చాలావరకు చేతుల్లోనే ఉంది. చేతులకు నేర్పవచ్చు.

వాక్యం చూపే దారి

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాస్తూ వాద్యాల సంగతినే ఉదాహరణగా తీసుకున్నాడు. పిల్లనగ్రోవిగాని వీణగాని ఇచ్చే ధ్వనులలో భేదం తెలియకపోతే, వాయించినది ఏమిటో వినేవాడు ఎలా గ్రహిస్తాడని అడిగాడు (1 కొరింథీ 14:7). భాషల వరం గురించి చెప్పిన మాటే అయినా, ఏ ధ్వనికి ఆ ధ్వని విడిగా తెలియాలన్న సంగతి వాద్యం పట్టుకున్న ప్రతివానికీ వర్తిస్తుంది.

దావీదు కాలంలో మందిర సేవకు ఏర్పరచబడిన గాయకులు, వాద్యకారులు 288 మంది. వారందరూ ఆ పనిలో నేర్పు పొందినవారని గ్రంథం చెబుతున్నది (1 దినవృత్తాంతములు 25:7). సౌలు ఎదుట వాయించడానికి దావీదును పిలిపించినప్పుడు కూడా ఒక సేవకుడు మొదట చెప్పింది అతని నేర్పు సంగతే (1 సమూయేలు 16:18). ఉత్సాహం ఒక్కటే చాలదు, నేర్పు కూడా దేవునికి చెల్లించే కానుకే.

తీగ లాగడం మనకు కొత్త కాదు

"ఇది సినిమా వాయింపు, పాశ్చాత్యుల పద్ధతి" అని కొందరు పెద్దలు అంటారు. అయితే మన వీణ విద్వాంసులు తరతరాలుగా చేస్తున్నది ఇదే. మెట్టుమీద తీగను అదిమిపెట్టి పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి లేస్తుంది. ఆ లాగుడుతోనే ఎన్నో గమకాలు పుడతాయి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలపైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాలకు గమకం ప్రాణం. హార్మోనియం, మామూలు కీబోర్డు మీటలు స్వరాన్ని అలా వంచలేవు. గిటారు వంచగలదు. కాబట్టి మన పాత కీర్తనలకు ఈ కొత్త వాద్యం నిజంగా సేవ చేయగలదు.

దీనికి మన తెలుగువారిలోనే పెద్ద సాక్ష్యం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించి లోకమంతా పేరు పొందారు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి ఆయన వయస్సు తొమ్మిదేండ్లు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను ఒకేలా లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014లో చెన్నైలో మరణించారు. ఆయన వాయించినది వింటే, లాగిన స్వరం చుట్టూ ఎంత నిశ్శబ్దం ఉందో గమనించండి.

అమెరికాలో ఎలక్ట్రిక్ గిటారుపై తీగ లాగడంలో పేరుపొందిన బి.బి. కింగ్ అనే నల్లజాతి సంగీతకారుడు 1925లో మిసిసిపి రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడు సంఘ గాయక బృందంలో పాడాడు. గిటారు మొదటి పాఠాలు తాను వెళ్ళే సంఘపు పాస్టరు దగ్గరే నేర్చుకున్నాడు. అతనికంటె ముందే సిస్టర్ రోసెట్టా థార్ప్ అనే సహోదరి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని సువార్త పాటలు పాడింది. కాబట్టి మందిరానికి ఈ వాద్యం పరాయిది కాదు.

గోల ఎక్కడ పుడుతుంది

గిటారుకు ఆరు తీగలు. సన్నని తీగ మొదటిది, లావు తీగ ఆరవది. తీగల క్రింద పికప్ ఉంటుంది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన భాగమే అది. ఉక్కు తీగ ఊగితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. యాంప్లిఫయర్ దానిని పెద్దది చేస్తుంది. ఏ తీగ కావాలని మీటారో, ఏ తీగ చెయ్యి తగిలి ఊగిందో పికప్‌కు తెలియదు. ఊగిన ప్రతి తీగనూ అది వినిపిస్తుంది.

తీగ లాగేటప్పుడు మూడు విధాలుగా గోల పుడుతుంది. ఒకటి, మూడవ తీగను పైకి నెట్టితే అది నాలుగవ తీగను తాకుతుంది, ఆ తీగ వేలి చివర మీదికి ఎక్కుతుంది లేక వేలి క్రింద చిక్కుతుంది. రెండు, తీగను దించేటప్పుడు ఆ చిక్కిన తీగ ఒక్కసారిగా విడుదలై మ్రోగుతుంది. మూడు, ఎవరూ తాకని ఖాళీ తీగలు కూడా పక్క తీగ మ్రోతకు, స్పీకరు ధ్వనికి వాటంతటవే ఊగడం మొదలుపెడతాయి.

ముందు కరెంటు సంగతి

చేతుల సంగతికి ముందు ఒక హెచ్చరిక. తీగలను ముట్టుకోకపోయినా జుమ్మని ఎడతెగక వచ్చే శబ్దం వేరు. అది కరెంటు నుండి వచ్చేది. తీగలమీద చెయ్యి పెట్టగానే అది తగ్గితే భయపడవలసినది లేదు, చాలా గిటార్లకు అది మామూలే. ట్యూబులైటు, మోటారు, చార్జరు దగ్గరనుండి దూరంగా జరిగి, గిటారును కొంచెం పక్కకు తిప్పి నిలబడితే ఇంకా తగ్గుతుంది.

అయితే తీగలు పట్టుకుని మైకును తాకినప్పుడు పెదవికి గాని వేళ్ళకు గాని జిల్లుమంటే వెంటనే ఆపండి. ఎర్త్ సరిగా లేదని దాని అర్థం. మనం చెప్పులు బయట విడిచి, కడిగిన సిమెంటు నేలమీద వట్టి కాళ్ళతో నిలబడి వాయిస్తాము. 230 వోల్టుల కరెంటుకు అంతకంటె సులభమైన దారి లేదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదికమీదనే ప్రాణం విడిచాడు. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగగొట్టి వాడకండి. మందిరానికి మంచి ఎర్త్ గుంట త్రవ్వించి, లీకేజీ వస్తే కరెంటును తానే ఆపివేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించండి. కొత్త స్పీకరు కొనకముందు చేయవలసిన ఖర్చు ఇది.

ఎడమ చెయ్యి

మూడవ తీగను ఏడవ మెట్టు దగ్గర లాగడం ఉదాహరణగా తీసుకుందాం. ఉంగరపు వేలు ఏడవ మెట్టు దగ్గర పెట్టండి. ఆ వేలికి తోడుగా నడిమి వేలు ఆరవ మెట్టు దగ్గర, చూపుడు వేలు ఐదవ మెట్టు దగ్గర అదే తీగమీద ఉండాలి. ఒక్క వేలితో లాగితే వేలు వణుకుతుంది, పట్టు తప్పుతుంది. మూడు వేళ్ళు కలిసి, మణికట్టు తిప్పి లాగాలి. తాళం చెవి తిప్పినట్టు అనుకోండి. బొటనవేలు గిటారు మెడపైగా వచ్చి ఆనుకోవాలి. అదే బొటనవేలు ఆరవ తీగను మెల్లగా తాకి దానిని మౌనంగా ఉంచుతుంది.

చూపుడు వేలికి ఇక్కడ రెండు పనులున్నాయి. దాని కొన నాలుగవ తీగను మెల్లగా తాకాలి, నొక్కకూడదు. దాని లోపలి భాగం కొంచెం వాలి, మొదటి రెండు తీగలమీద ఆనుకుని ఉండాలి. ఇప్పుడు తీగను పైకి నెట్టండి. నాలుగవ తీగ చూపుడు వేలి కొనతో కలిసి ముందుకు జరుగుతుంది గాని వేలి మీదికి ఎక్కదు, మ్రోగదు. క్రింది సన్న తీగలు కూడా పలకవు. వేళ్ళు నిట్టనిలువుగా నిలబెట్టి లాగేవారికే ఎక్కువ గోల వస్తుంది. కొంచెం వాల్చి పట్టుకోవడం ఇందులో సగం విద్య.

లావు తీగలైన ఐదు, ఆరు తీగలను లాగవలసివస్తే క్రిందికి లాగాలి. పైకి నెట్టితే అవి మెడ అంచు దాటి జారిపోతాయి.

కుడి చెయ్యి

లాగిన తీగ ఎడమ చేతి దగ్గర చాలా దూరం జరిగినా, కుడి చేతి వైపు బ్రిడ్జి దగ్గర దాదాపు కదలదు. కాబట్టి కుడి అరచేతి అంచును బ్రిడ్జి పక్కన ఆరు, ఐదు, నాలుగు తీగలమీద మెత్తగా ఆనించి ఉంచవచ్చు. మీటే మూడవ తీగకు మాత్రం అది తగలకూడదు. తగిలితే ఆ స్వరమే చచ్చిపోతుంది. ప్లెక్ట్రమ్ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉంటుంది గనుక మిగిలిన వేళ్ళు ఖాళీ. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొదటి రెండు తీగలను తాకుతూ ఉండనివ్వండి.

ఇప్పుడు లెక్క చూడండి. పై మూడు తీగలను అరచెయ్యి కాస్తుంది, క్రింది రెండింటిని వేళ్ళు కాస్తాయి, మధ్యనున్న ఒక్క తీగ మాత్రమే మాట్లాడుతుంది. ఎడమ చెయ్యి ఒకచోట తప్పినా కుడి చెయ్యి కాపాడుతుంది. వేరే తీగకు మారినప్పుడు అరచెయ్యి కూడా దానితోపాటు పైకో క్రిందికో జరగాలి. దీనికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

దించేటప్పుడే జాగ్రత్త

ఎక్కువ గోల తీగను ఎత్తేటప్పటికంటె దించేటప్పుడు వస్తుంది. లాగిన స్వరం పలికాక, పైననే వేలు ఎత్తివేస్తే తీగ ఎగిరి పింగుమంటుంది. దానికి రెండు మార్గాలు. దించే ధ్వని వినబడనక్కరలేదనుకుంటే, ముందు కుడి అరచేతితో ఆ తీగను ఆపి, తరువాత నెమ్మదిగా దించండి. దించే ధ్వని కూడా గమకంలో భాగమైతే, ఏడవ మెట్టు స్థానానికి తిరిగి వచ్చేవరకు అదే ఒత్తిడి ఉంచండి, చూపుడు వేలి కొనను నాలుగవ తీగనుండి తీయకండి. పాట త్వరలో ఉన్నా ఈ క్రమం మారకూడదు.

ఉప్పు గాలి, తుప్పు

మన సముద్రతీరంలో ఇంకొక శత్రువు ఉంది. అది ఉప్పు గాలి. చెమట, ఉప్పు తేమ కలిసి ఉక్కు తీగను త్వరగా తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన తీగ మెట్టుమీద రాసుకుని గరగరలాడుతుంది. ఆ గరగర కూడా స్పీకరులో వినబడుతుంది. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల పైనా క్రిందా తుడిచి, గిటారును సంచిలో పెట్టండి. కిటికీ దగ్గర గోడకు వ్రేలాడదీయకండి. తీగ వేలికి గరుకుగా తగిలితే ఇంక మార్చవలసిందే.

లాగేటప్పుడు తల దగ్గర టిక్కుమంటున్నదా? దించాక శ్రుతి తగ్గిపోతున్నదా? అయితే తీగ నట్ గాడిలో పట్టుకుంటున్నది. తీగను వదులు చేసి, ఆ గాడిలో పెన్సిలు ముల్లు రుద్దండి. ఆ నల్లని పొడి తీగను జారనిస్తుంది. ఖర్చు లేని వైద్యం ఇది. కొత్తగా నేర్చుకునేవారు మొదటి తీగ 0.009 అంగుళం ఉండే సన్న తీగల సెట్టు వేసుకుంటే లాగడం సులభం. బలవంతం తగ్గితే గోల కూడా తగ్గుతుంది.

యాంప్‌మీద మీటలు

యాంప్‌లో గెయిన్ ఎంత పెంచితే చిన్న తాకిడి అంత పెద్దగా వినబడుతుంది. కంప్రెసర్ పెడల్ కూడా అంతే, అది సన్నని శబ్దాలను పైకి లేపుతుంది. గెయిన్‌ను సగానికి తగ్గించి, కావాలంటే వాల్యూమ్ పెంచుకోండి. నాయిస్ గేట్ కొంటే అన్నీ తీరుతాయని కొందరు అనుకుంటారు. అది స్వరం లేని సమయంలోనే శబ్దాన్ని మూసివేస్తుంది. స్వరం పలుకుతున్నప్పుడు అది తెరిచే ఉంటుంది గనుక పక్క తీగ గోల కూడా దానితోపాటు బయటికి వస్తుంది. నట్ దగ్గర తీగలకు మెత్తని గుడ్డ చుట్టితే ఖాళీ తీగల మ్రోత తగ్గుతుంది. అయితే ఖాళీ తీగలతో వాయించే కార్డ్‌లకు అది అడ్డు, అప్పుడు తీసివేయాలి. యంత్రం చేతికి సహాయమే గాని చేతికి బదులు కాదు.

రోజుకు పదిహేను నిమిషాలు

మొదటి ఐదు నిమిషాలు శ్రుతికి. మూడవ తీగను తొమ్మిదవ మెట్టు దగ్గర మీటి ఆ స్వరాన్ని చెవిలో నిలుపుకోండి. తరువాత ఏడవ మెట్టు దగ్గర మీటి, ఆ స్వరం వచ్చేవరకు లాగండి. రెండవ తీగను కూడా ఎనిమిదవ మెట్టు దగ్గర లాగి, పదవ మెట్టు స్వరానికి చేర్చండి. శ్రుతి కలవని లాగుడు గోలలేకపోయినా చెవికి బాధే.

తరువాతి ఐదు నిమిషాలు మౌనానికి. తీగను లాగి పట్టుకుని, కుడి చేతితో మిగతా ఐదు తీగలను ఒక్కొక్కటిగా మీటి చూడండి. ఏ తీగ మ్రోగినా ఆ తీగకు కావలి లేదన్నమాట. అక్కడ వేలు సర్దుకోండి.

చివరి ఐదు నిమిషాలు ఒక కీర్తన పల్లవి చాలా నెమ్మదిగా వాయించి, ఫోనులో రికార్డు చేసి వినండి. వాయించేటప్పుడు మన చెవి మనల్ని మన్నిస్తుంది, రికార్డు మన్నించదు. ఎఫెక్టులు లేకుండా శుభ్రంగా వచ్చాకనే గెయిన్ పెంచి అదే మళ్ళీ వాయించండి.

పెద్దలకు ఒక మాట, యౌవనస్థులకు ఒక మాట

పెద్దలారా, గిటారును మూలపెట్టకముందు ఆ బిడ్డకు రెండు నెలల గడువు ఇవ్వండి. శనివారం సాయంకాలం మందిరం తలుపు తెరిచి, అక్కడే స్పీకరు పెట్టి సాధన చేసుకోనివ్వండి. ఇంట్లో యాంప్ లేక వాయించేవానికి తన చేతి గోల ఆదివారం వరకు తెలియదు. మీరు ఒకరు వెళ్ళి వెనుక వరుసలో కూర్చుని, ఎక్కడ మాట వినబడలేదో ప్రేమతో చెప్పండి. అందరి ముందు గద్దించకండి. ఒక వాద్యాన్ని ఆపడం సులభం. ఆపిన వానిని తిరిగి మందిరానికి తేవడానికి సంవత్సరాలు పట్టవచ్చు.

యౌవనస్థులారా, సంఘం చరణం పాడుతున్నప్పుడు తీగ లాగకండి. చదువురాని అవ్వ ఆ చరణం వినే దానిని కంఠతా పడుతుంది. ఆమెకు పాటే వేదపాఠం. పల్లవికీ చరణానికీ మధ్యనున్న ఖాళీ మీది. అక్కడ ఒక్క స్వరాన్ని శుద్ధంగా లాగి నిలిపితే చాలు. మౌనంగా ఉండుటకు సమయం, మాటలాడుటకు సమయం ఉన్నవని ప్రసంగి చెప్పలేదా (ప్రసంగి 3:7)?

గిటారుమీద ఆరు తీగలూ మంచివే. ఒకటి పలికేటప్పుడు ఐదు ఊరుకుంటేనే దాని మాట తెలుస్తుంది. సంఘమూ అంతే. ఒకరు సాక్ష్యమిచ్చేటప్పుడు మిగతావారు వింటే, ఒక బిడ్డ నేర్చుకునేటప్పుడు పెద్దలు ఓర్చుకుంటే, పెద్దలు బాధ చెప్పుకునేటప్పుడు బిడ్డ తల వంచి ఆలకిస్తే, మన ఆరాధన స్పష్టమైన ధ్వనిగా దేవుని సన్నిధికి చేరుతుంది. మన చేతుల నేర్పును, మన నాలుకల మౌనాన్ని ప్రభువు ఆశీర్వదించి తన మహిమకొరకు వాడుకొనును గాక. ఆమేన్.